సుస్థిరాభివృద్ధికి సమీకృత ప్రణాళిక

నీరు, నేల, విద్యుత్తు, సాగు, ఉపాధి, ఆరోగ్యం వంటి విషయాల్లో ఒక ప్రభుత్వ శాఖ తీసుకునే నిర్ణయం మరో శాఖ రంగంలో ఏం చేస్తుందో ముందే లెక్క చూసుకుని, విధానాలను, చట్టాలను, ఖర్చును ఒకచోట కలిపి నడిపే పద్ధతిని సమీకృత ప్రణాళిక అంటారు. ఇప్పటివాళ్ల అవసరాలు తీరాలి, రాబోయే తరాలకు ఆ అవకాశం మిగలాలి అనేది సుస్థిరాభివృద్ధి సూత్రం. దాన్ని అమలులోకి తెచ్చే మార్గం సమీకృత ప్రణాళికేనని 1980ల చివరి నుంచి ప్రపంచ దేశాలు ఒప్పుకుంటూ వచ్చాయి. ఒప్పుకున్నంత తేలిగ్గా ఎక్కడా అమలు కాలేదు. ఎందుకో తెలుసుకోవడానికి మెట్ట ప్రాంతంలో ఒక బోరును చూస్తే చాలు.

అనంతపురంలోనో నల్లగొండలోనో ఆ బోరు వేసిన భూమి లెక్క రెవెన్యూ శాఖది. మోటారుకు కరెంటు ఇచ్చేది డిస్కం. తవ్వకానికి అప్పు ఇచ్చింది బ్యాంకో, వడ్డీ వ్యాపారో. దాని కింద వరి వేస్తే ధాన్యాన్ని మద్దతు ధరకు కొనేది పౌరసరఫరాల సంస్థ. బోరులోకి నీరు ఊరాలంటే ఎగువన చెరువు నిండాలి. ఆ చెరువు చిన్ననీటి వనరుల శాఖదో, పంచాయతీదో అయి ఉంటుంది. చెరువు శిఖంలో ప్లాట్లు వేస్తే అడ్డుకోవాల్సింది ఇంకో సంస్థ. నీటిమట్టం ఎంత దిగిందో కొలిచే భూగర్భజల శాఖ చేతిలో పైజోమీటరు ఉంది గానీ మోటారు స్విచ్చు లేదు. ఏడాది చివరి సమీక్షలో కనెక్షన్ల లక్ష్యం, రుణాల లక్ష్యం, ధాన్యం సేకరణ లక్ష్యం అన్నీ నెరవేరినట్టే కనిపిస్తాయి. బోరు మాత్రం మార్చి దాటకుండానే ఎత్తిపోతుంది. ఈ నష్టాన్ని ఏ ఒక్క శాఖ ఖాతాలోనూ రాయలేం. ఎవరి పని వాళ్లు సక్రమంగా చేసినా చెడు జరిగే ఈ తరహా చోట్ల గురించే సమీకృత ప్రణాళిక మాట్లాడుతుంది.

భావన పుట్టుక

1972లో స్టాక్‌హోంలో జరిగిన ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ సదస్సు తర్వాత చాలా దేశాల్లో పర్యావరణానికి ప్రత్యేక చట్టాలు, శాఖలు వచ్చాయి. మన దేశంలో 1974లో జలకాలుష్య నివారణ చట్టం వచ్చింది. 1976 నాటి 42వ సవరణతో రాజ్యాంగంలో 48-ఎ అధికరణం చేరింది. ఇవన్నీ అవసరమైనవే. అయితే పర్యావరణం కూడా సచివాలయంలో మరో గది అయి కూర్చుంది. పరిశ్రమ పెట్టాలా, ఎక్కడ పెట్టాలి అనేది ఒక గదిలో తేలిపోతుంది. పొగ ఎంత వదలాలో ఆ తర్వాత ఇంకో గదిలో మాట్లాడతారు.

నార్వే ప్రధానిగా పనిచేసిన గ్రో హార్లెం బ్రంట్‌లాండ్ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి వేసిన సంఘం 1987లో ఇచ్చిన నివేదిక ఈ విడిపోవడాన్నే తప్పుపట్టింది. సుస్థిరాభివృద్ధి నిర్వచనం కోసం అందరూ ఆ నివేదికను తలుచుకుంటారు. దానికంటే పదునైనది సంస్థల గురించి అది చేసిన వాదన. ఆర్థిక, వ్యవసాయ, ఇంధన శాఖల నిర్ణయాల వల్లే పర్యావరణం దెబ్బతింటున్నప్పుడు ఆ బాధ్యత ఆ శాఖల మీదే పెట్టాలి అన్నది దాని సారం. 1992 రియో సదస్సు ఆమోదించిన అజెండా 21 అనే 40 అధ్యాయాల కార్యక్రమ పత్రంలో 8వ అధ్యాయాన్ని పూర్తిగా దీనికే కేటాయించారు. 10వ అధ్యాయం భూవినియోగాన్ని సమగ్రంగా చూడటం గురించి. 2002 జొహానెస్‌బర్గ్ సదస్సు, ప్రతి దేశమూ 2005 నాటికి జాతీయ సుస్థిరాభివృద్ధి వ్యూహాన్ని అమలు చేయడం మొదలుపెట్టాలని గడువు పెట్టింది. 2015 సెప్టెంబరులో వచ్చిన 17 లక్ష్యాలు, 169 ఉపలక్ష్యాల్లో 17.14వది విధానాల మధ్య పొందిక గురించి, 6.5వది నీటి వనరుల సమీకృత నిర్వహణ గురించి చెబుతాయి.

కాగితం మీద ఇంత జరిగినా, జాతీయ వ్యూహాల్లో చాలావరకు పర్యావరణ శాఖలు రాసుకున్నవి, ఆర్థిక శాఖలు తిరగేసి చూడనివి. బడ్జెట్ రాసేవాడి బల్ల మీదికి రాని వ్యూహం ఎంత బాగున్నా అటకెక్కుతుంది.

పనిముట్లు

సమీకృత ప్రణాళికకు వాడే సాధనాల్లో అందరికీ తెలిసినది పర్యావరణ ప్రభావ అంచనా. భారతదేశంలో 1994 నోటిఫికేషన్‌తో ఇది తప్పనిసరి అయింది. 2006లో దాన్ని తిరగరాశారు. దీని పరిమితి ఏమిటంటే, ఇది ఒక్కొక్క ప్రాజెక్టును విడిగా చూస్తుంది. ఒకే వాగు పొడవునా పది క్వారీలు వస్తుంటే పదింటికీ పది నివేదికలు తయారవుతాయి, వాగుకు మాత్రం ఒక్కటీ ఉండదు. ఈ లోటు తీర్చడానికి ప్రాజెక్టుల కంటే ముందు దశలో, విధానాన్నో ప్రణాళికనో మొత్తంగా పరీక్షించే వ్యూహాత్మక అంచనా పద్ధతి వచ్చింది. ఐరోపా సమాఖ్య 2001లో ఆదేశం జారీ చేసి సభ్య దేశాల్లో దాన్ని తప్పనిసరి చేసింది. మన దేశంలో అలాంటి నిబంధన లేదు.

మన రాజ్యాంగంలో ఇంకో సాధనం ఉంది. దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ. 74వ సవరణ చేర్చిన 243-జెడ్‌డి అధికరణం ప్రకారం ప్రతి జిల్లాలో ఒక ప్రణాళికా కమిటీ ఉండాలి. పంచాయతీల ప్రణాళికలను, మున్సిపాలిటీల ప్రణాళికలను కలిపి అది జిల్లా మొత్తానికి ముసాయిదా తయారు చేయాలి. ఆ ముసాయిదా స్థల ప్రణాళికను, నీటి పంపకాన్ని, మౌలిక వసతుల సమీకృత అభివృద్ధిని, పర్యావరణ పరిరక్షణను దృష్టిలో పెట్టుకోవాలని అధికరణంలోనే రాసి ఉంది. కమిటీలో కనీసం ఐదింట నాలుగు వంతుల సభ్యులు స్థానిక సంస్థల్లో ఎన్నికైనవాళ్లై ఉండాలి. రియో తీర్మానాలు కోరినది దాదాపు ఇదే. అయితే నిధులు ఇప్పటికీ శాఖల పద్దుల కింద పైనుంచే వస్తాయి. ప్రతి పద్దుకూ దాని మార్గదర్శకాలు, దాని గడువు ఉంటాయి. చాలాచోట్ల జిల్లా ప్రణాళిక అంటే ఆ పద్దులన్నిటినీ కుట్టి అట్ట వేయడమే. జిల్లా సమీక్షల్లో తరచూ వినిపించే కన్వర్జెన్స్ అనే మాట కూడా ఆచరణలో ఒక పథకం కూలి డబ్బును ఇంకో పథకం సిమెంటు డబ్బుతో జతచేయడం దగ్గర ఆగిపోతుంది.

భూగర్భజలం: తెలుగు ప్రాంతాల అనుభవం

ప్రపంచంలో భూగర్భజలాన్ని అందరికంటే ఎక్కువగా తోడే దేశం భారతదేశం. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కాలం నుంచి భూమి ఎవరిదో దాని అడుగు నీరు వాళ్లదే అన్న అవగాహన నడుస్తోంది. రాయలసీమ, తెలంగాణల్లో నేల కింద ఎక్కువ భాగం గట్టిరాయి. నీరు రాతి పగుళ్లలోనే నిలుస్తుంది. పొరుగు రైతు బోరు లోతు పెంచితే మన బోరు ఎండడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఇక్కడ సమగ్ర దృష్టితో సాగిన తొలి పెద్ద ప్రయత్నం వాటర్‌షెడ్ కార్యక్రమం. ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సాంకేతిక సంఘం 1994లో సిఫార్సులు చేసింది. వాటి ఆధారంగా వచ్చిన మార్గదర్శకాలు 1995 నుంచి అమల్లోకి వచ్చాయి. దాదాపు 500 హెక్టార్ల పరీవాహక ప్రాంతాన్ని యూనిట్‌గా తీసుకోవడం, గట్టు మీద మొదలుపెట్టి పల్లానికి దిగడం, నిధుల ఖర్చులో ఊరి కమిటీకి పెత్తనం ఇవ్వడం అందులోని కొత్తదనం. శాఖల సరిహద్దు స్థానంలో నీటి సరిహద్దును పెట్టడం అప్పటికి సాహసమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దీన్ని పెద్ద ఎత్తున అమలు చేసింది. 2000లో నీటి సంరక్షణ కోసం నీరు-మీరు కార్యక్రమం మొదలైంది. చెక్‌డ్యాంలు, ఊటకుంటలు, కందకాలు వేల సంఖ్యలో వచ్చాయి. ఇంకిన నీటిని ఎవరు, ఎంత తోడాలన్న ప్రశ్నను మాత్రం ఈ కార్యక్రమాలు పెద్దగా ముట్టుకోలేదు. ఊటకుంట కట్టిన ఏడాదికే దాని చుట్టూ కొత్త బోర్లు లేచిన ఊళ్లున్నాయి.

తోడకాన్ని అదుపు చేయడానికి 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. జనం నోట్లో అది వాల్టా. పేరులోనే మూడు వనరులను కలిపిన చట్టమిది. బావుల రిజిస్ట్రేషన్, కొత్త బోర్లకు అనుమతి, తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వేరే బోరు వేయకూడదన్న నిబంధన, రిగ్గు యజమానుల నమోదు అందులో ఉన్నాయి. రెండేళ్లకే, 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైంది. వరుస కరువుల్లో అప్పులపాలైన రైతుకు అది నిజమైన ఊరట, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ తోడకాన్ని తగ్గించమనే చట్టం, తోడితే ఖర్చులేదని చెప్పే ధర ఒకే పొలంలో ఎదురుపడ్డాయి. రైతుకు ప్రతిరోజూ కనిపించేది ధర. చట్టం ఏ తనిఖీ రోజునో గాని కనిపించదు.

ఈ ముడి ఎంత చిన్న వస్తువులో ఉంటుందో ఆటోస్టార్టర్ చూపిస్తుంది. కరెంటు కొన్ని గంటలే, అదీ అర్ధరాత్రి ఇచ్చే రోజుల్లో రైతులు మోటారుకు ఆటోస్టార్టర్ బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది, చీకట్లో పాములకు భయపడుతూ పొలం వెళ్లే పని తప్పుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో దాదాపు 23 లక్షల పంపుసెట్లకు 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలయ్యాక అదే పరికరం ఇబ్బందిగా మారింది. ఆపేవాళ్లు లేక మోటారు రాత్రింబవళ్లు నడుస్తుంది. ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే ఊరూరా ప్రచారం చేయాల్సి వచ్చింది. విద్యుత్ శాఖ పాత లోపానికి రైతు కనిపెట్టుకున్న ఉపాయం, ఆ లోపం తీరాక నీటి శాఖకు సమస్యైంది. వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టే ప్రతిపాదన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నికల వివాదంగా మారింది. కనీసం ఎంత తోడుతున్నామో తెలుస్తుంది కదా అన్న వాదన ఆ గోలలో వినపడలేదు.

వీటన్నిటికంటే భిన్నంగా నడిచింది రైతుల భాగస్వామ్య భూగర్భజల నిర్వహణ పథకం. 1995 నుంచి 2003 వరకు నెదర్లాండ్స్ సాయంతో ఏడు కరువు జిల్లాల్లో చిన్న రైతులకు బోర్లు వేయించిన ఏపీవెల్ ప్రాజెక్టు దీనికి ముందుమెట్టు. బోర్లు వేసినవాళ్లకే వాటిలో నీరు ఎన్నాళ్లుంటుందన్న సందేహం వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, నంద్యాలకు చెందిన బర్డ్స్ సంస్థ ముందుండి, స్థానిక స్వచ్ఛంద సంస్థలతో కలిసి 2009 దాకా ఆరు వందలకు పైగా ఊళ్లలో భాగస్వామ్య పథకాన్ని నడిపింది. బోరు వేయవద్దన్న ఆంక్ష లేదు, వేయకపోతే ఇచ్చే రాయితీ లేదు. రైతులు తమ ఊళ్లోనే వానమాపకం పెట్టుకున్నారు. ఎంపిక చేసిన బావుల్లో పదిహేను రోజులకోసారి నీటిమట్టం కొలిచి, ఆ అంకెలను అందరికీ కనపడేలా గోడ మీదో బోర్డు మీదో రాశారు. రబీ ముందు ఒక వాగు పరిధిలోని రైతులంతా కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు.

ఆ లెక్క ఎలా ఉంటుందో ఒక నమూనా చూద్దాం. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4 వేల లీటర్లు. అనంతపురంలాంటి చోట ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడి, గట్టిరాతి నేలలో పది శాతం ఇంకిందనుకుంటే ఎకరానికి భూమి దాచుకునేది 2 లక్షల 20 వేల లీటర్లు. పంటకు 1,200 మిల్లీమీటర్లు తాగే వరికి ఎకరానికి 48 లక్షల లీటర్లు కావాలి. పొలం నుంచి తిరిగి ఇంకే భాగాన్ని పక్కన పెట్టి స్థూలంగా చూస్తే, ఎకరం రబీ వరి ఇరవై ఎకరాలకు పైగా నేల దాచిన నీటిని ఖాళీ చేస్తుంది. అదే వేరుశనగ అయితే తొమ్మిది ఎకరాల నీటితో సరిపెట్టుకుంటుంది. ఈ అంకెలు గోడ మీద కనిపించాక చాలా వాగుల పరిధిలో రైతులు రబీ వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ఈ పథకంలో ప్రపంచం గమనించిన విషయం, సమన్వయం సచివాలయంలో కాకుండా బావి గట్టున జరగడం. దాని బలహీనతా అక్కడే ఉంది. వరికి మద్దతు ధర, ఉచిత కరెంటు అలాగే ఉన్నాయి. ఆ రెండింటినీ మార్చే అధికారం వాగు కమిటీకి లేదు.

2015లో తెలంగాణ మొదలుపెట్టిన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను ఐదేళ్లలో పునరుద్ధరించాలని లక్ష్యం పెట్టుకుంది. అందులో మెచ్చదగ్గ అంశం పూడికమట్టి. ప్రభుత్వం తవ్వి పోస్తే రైతు తన ఖర్చుతో ట్రాక్టరులో పొలానికి తోలుకున్నాడు. చెరువు లోతు, పొలం సత్తువ ఒకే పనిలో పెరిగాయి.

పంజాబ్ నాట్ల తేదీ

సగం సమన్వయం ఎంత ప్రమాదమో పంజాబ్ చూపింది. మండువేసవిలో నాట్లు వేస్తే నీరు ఆవిరైపోతుందని, జూన్ 10కి ముందు వరి నాట్లు నిషేధిస్తూ 2009లో ఆ రాష్ట్రం భూగర్భజల సంరక్షణ చట్టం చేసింది. నీటి వైపు నుంచి చూస్తే నిర్ణయం సబబే. నాట్లు ఆలస్యమైతే కోతలూ ఆలస్యమవుతాయి, గోధుమ విత్తడానికి గడువు కుదించుకుపోతుంది. కొయ్యకాళ్లు తీసే తీరిక లేక రైతు నిప్పు పెడతాడు. ఆ మంటలు గాలి కదలని అక్టోబరు చివర, నవంబరు రోజుల్లోకి జరిగాయి. ఢిల్లీ పొగకు ఇది ఒక్కటే కారణమని చెప్పలేం గానీ, ఒక కారణమని పరిశోధకులు చూపించారు. నీటి చట్టం రాసేటప్పుడు గాలి సంగతి అడిగేవాళ్లు ఆ గదిలో లేరు.

కొల్లేరు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు మంచినీటి సరస్సు బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్ల వరదను పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా మెల్లగా బంగాళాఖాతంలోకి వదులుతుంది. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాల ద్వారా సరస్సు గర్భంలో చేపల చెరువులను ప్రోత్సహించింది. మత్స్యశాఖ దృష్టిలో అది ఉపాధి. తర్వాత పెద్ద పెట్టుబడి దిగింది, గట్లు లేచాయి. 1999లో +5 అడుగుల కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని, అటవీ శాఖ అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లను పేల్చేశారు. ఆ హద్దు లోపల జిరాయితీ పట్టాలున్న రైతులు, సొసైటీ భూముల మీద బతికే మత్స్యకారులు, బడా లీజుదారులు అందరూ ఒకే లెక్కలోకి వచ్చారు. హద్దును +3కు కుదించాలన్న డిమాండు అప్పటి నుంచి ఎన్నికలప్పుడల్లా లేస్తూనే ఉంది.

కొల్లేరును అటవీ సమస్యగానే చూసినంతకాలం ఈ తగవు తేలదు. నీరు రావడం, నిలవడం, పోవడం ఒకే కథ. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి మునిగాయి. ఏరు దారిలో ఆక్రమణలు, పూడిన కాలువలు, దిగువన సరస్సు, ఉప్పుటేరు పరిస్థితి అన్నీ అప్పుడు ఒకేసారి చర్చకు వచ్చాయి. పట్టణ ప్రణాళిక, డ్రెయినేజీ, అటవీ, మత్స్య శాఖలు కలిసి చూడాల్సిన పటం ఒకటేనని వరద చెప్పింది.

ఇతర దేశాల్లో

కోస్టారికా 1996 అటవీ చట్టంతో అడవిని వేరే అవసరానికి మార్చడాన్ని నిషేధించింది. అదే చట్టం కింద అడవిని నిలిపి ఉంచే భూయజమానికి కార్బన్, నీరు, జీవవైవిధ్యం, ప్రకృతి సౌందర్యం అనే నాలుగు సేవలకు డబ్బు చెల్లించే ఏర్పాటు చేసింది. ఆ డబ్బులో పెద్ద భాగం ఇంధనం మీద వేసే పన్ను నుంచి వస్తుంది. నిషేధం, ప్రతిఫలం, దానికి నిధి ఒకే చోట కుదిరాయి. 1980ల్లో బాగా తరిగిపోయిన అడవి ఇప్పుడు దేశ విస్తీర్ణంలో సగం దాటింది. మాంసం ధరలు పడిపోయి పశువుల మేతబయళ్ల మీద మోజు తగ్గడం కూడా కలిసివచ్చిందని చెప్పుకోవాలి.

వేల్స్ చట్టసభ 2015లో భవిష్యత్ తరాల సంక్షేమ చట్టం చేసింది. ప్రభుత్వ సంస్థలన్నీ ఏడు ఉమ్మడి లక్ష్యాలకు కట్టుబడాలి. రాబోయే తరాల పక్షాన ప్రశ్నించడానికి ఒక కమిషనర్ ఉంటారు. న్యూపోర్ట్ దగ్గర ఎం4 రహదారి రద్దీ తగ్గించడానికి చిత్తడినేలల మీదుగా వేయదలచిన కొత్త మార్గాన్ని 2019లో ప్రభుత్వం విరమించుకుంది. ఖర్చుతో పాటు పర్యావరణ నష్టాన్నీ కారణంగా చూపింది. కమిషనర్ ఆ మార్గాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు.

కొలత, డబ్బు

2015లో ప్రణాళికా సంఘం స్థానంలో వచ్చిన నీతి ఆయోగ్ 2018 నుంచి రాష్ట్రాలకు సుస్థిరాభివృద్ధి సూచీ మార్కులు ఇస్తోంది. పోటీ పెరగడానికి అది పనికొచ్చింది. కానీ లక్ష్యాల మార్కులను సగటు కడితే ఒకదాని లోటును ఇంకోటి కప్పేస్తుంది. లక్ష్యాలు ఒకదాన్నొకటి ఎక్కడ దెబ్బతీస్తున్నాయో ఆ అంకె చెప్పదు.

డబ్బు దారి మార్చిన ఉదాహరణలు అంతకంటే ఆసక్తికరం. ఆంధ్రప్రదేశ్ రైతు సాధికార సంస్థ ద్వారా రసాయనాలు లేని ప్రకృతి సాగును ప్రోత్సహిస్తోంది. అలా సాగు చేసే రైతు యూరియా కొనకపోతే మిగిలే సబ్సిడీ కేంద్రానిది, శిక్షణ ఖర్చు రాష్ట్రానిది. 2023లో ఆమోదం పొందిన పీఎం-ప్రణామ్ పథకం, రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రానికి అలా మిగిలిన సబ్సిడీలో 50 శాతం ఇస్తానంది. లాభం ఒకచోట, ఖర్చు ఒకచోట ఉన్న చిక్కును ఇది కొంతైనా సరిచేస్తుంది.

నీటి విషయంలో ఇలాంటి ప్రయోగం గుజరాత్‌లోని ఖేడా జిల్లా ఢుండీ గ్రామంలో జరిగింది. సోలార్ పంపు పెడితే కరెంటు బిల్లు ఉండదు గనుక తోడకం ఇంకా పెరుగుతుందన్న భయం సహజమే. అక్కడి రైతులు 2016 ప్రాంతంలో సహకార సంఘంగా ఏర్పడి, తమకు అక్కర్లేని సౌరవిద్యుత్తును గ్రిడ్‌కు అమ్మడం మొదలుపెట్టారు. నీటికి వాడని యూనిట్‌కు డబ్బు వస్తుంది కాబట్టి మోటారు ఆపడం కూడా రాబడే అయింది. 2019లో మొదలైన పీఎం-కుసుమ్ పథకంలో గ్రిడ్‌కు అనుసంధానించే పంపుల విభాగం ఈ ఆలోచనకు చోటిచ్చింది. పంపు ఆపడం లాభమా, నడపడం లాభమా అనేది యూనిట్‌కు ఇచ్చే ధరను బట్టి ఉంటుంది. ఆ ధరను ఖరారు చేసేది విద్యుత్ నియంత్రణ మండలి. అక్కడి విచారణలో వాదన చాలావరకు డిస్కం ఖర్చు చుట్టూ తిరుగుతుంది, నీటిమట్టం రికార్డులేమో భూగర్భజల శాఖ దగ్గర ఉంటాయి.